పోలయ్య దలాలీ

ఇల్లు అమ్మే ముందు కావలసిన పనులు:

ఒకటి. నాన్న పెట్టెలో పట్టా కాగితం వెతకడం.
రెండు. మూడేళ్ళ పన్ను రసీదులు.
మూడు. పడమటి గోడకి మట్టి మెత్తించి సున్నం కొట్టించడం.
నాలుగు. నూతి తాడు మార్చడం.
అయిదు. స్టాంపు కాగితాలు.
ఆరు. రిజిస్ట్రీలో గుర్తింపు చెప్పడానికి నూకరాజు బాబాయిని అడగడం.
ఏడు. పోలయ్య మావకి చెప్పడం.

సూర్యం ఈ జాబితాను 1936 ఫిబ్రవరిలో, నాగపూరు కాలేజీలో వాడగా మిగిలిన నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాడు. అయిపోయిన పని మీద ఒక గీత గీసేయడం అతని అలవాటు. ఆరు పనుల మీద ఒక్కొక్క గీతే ఉంది. ఏడో దాని మీద రెండున్నాయి. మొదటి గీత, పని అయిందని. రెండోది, అయిన పనిని తన చేతులతో తనే చెడగొట్టుకున్నందుకు.

సూర్యం తండ్రి అమ్మన్న బిలాసపూరు లోకో షెడ్డులో ఫిట్టరుగా చేశాడు. విజయనగరం పక్క పల్లె నుంచి రైలు పనికి వచ్చిన మొదటి తరంలో ఒకడు. ఉన్నన్నాళ్ళు క్వార్టర్లో ఉండి, రిటైరవడానికి ముందు ఊరంచున తోర్వాలో రెండు గదుల పెంకుటిల్లు కట్టుకున్నాడు. పెరట్లో నుయ్యి తవ్వించాడు. ఆ ఇంట్లో మూడేళ్ళు ఉన్నాక చనిపోయాడు. అప్పటికి సూర్యం కాలేజీలో రెండో ఏడు. తండ్రి పోయిన రెండేళ్ళకి పాసయ్యాడు. బిలాసపూరు తెలుగువాళ్ళ క్వార్టర్ల లైన్లలో బి.ఏ. పాసయినవాడు అంతకు ముందు లేడు. వీధిలో వెళ్తూంటే పెద్దవాళ్ళు కూడా పక్కకి తొలగేవారు. అది అతనికి ఇబ్బందిగానూ ఉండేది, లోపల బాగానూ ఉండేది.

రాయపూరులో ఒక బడిలో మాస్టరు ఉద్యోగం వచ్చింది. మార్చి రెండో తేదీ సోమవారం చేరాలి. తల్లి అప్పయమ్మను ఒక్కర్తినీ తోర్వాలో వదలడు. అందుకని ఇల్లు అమ్మకం.

ఇల్లు అమ్మాలంటే పోలయ్యే. అప్పయమ్మను అక్క వరసతో అప్పా అంటాడు, అందుకని సూర్యానికి మావ. ఆ రోజుల్లో బిలాసపూరులో మనవాళ్ళ ఇళ్ళ బేరాలన్నీ పోలయ్య తువ్వాలు కిందే జరిగేవి. సంతలో ఎడ్లకి ఎలా బేరమాడతారో అలాగే. మధ్యవర్తి కూర్చుంటాడు, చేతి మీద తువ్వాలు కప్పుకుంటాడు. కొనేవాడు ఆ తువ్వాలు కిందికి చెయ్యి పోనిచ్చి వేళ్ళు పట్టి ధర చెబుతాడు. తర్వాత అమ్మేవాడు. ధర పైకి అనరు. నలుగురిలో అంటే తర్వాత తగ్గించుకున్నవాడికి తలవంపులని.

పోలయ్య ఒకప్పుడు యార్డులో బోగీలు తగిలించే పని చేసేవాడు. రెండు బోగీల మధ్య కుడిచెయ్యి ఇరుక్కుని మూడు వేళ్ళు పోయాయి. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. రైలు కంపెనీ ఇచ్చింది కొద్దిరోజులు తిని, ఆ మీదట దలాలీకి దిగాడు. పక్కింటి గార్డు నూకరాజు ఎప్పుడూ వేళాకోళం ఆడేవాడు: “పోలయ్య కుడిచెయ్యి ఇస్తే అమ్మినోడు ఏడుత్తాడు, ఎడంచెయ్యి ఇస్తే కొన్నోడు ఏడుత్తాడు.”

“నాను ఎడం చెయ్యే ఇత్తాను బావా,” అనేవాడు పోలయ్య. “కుడిది భోజనానికే సాలటం లేదు.”

పోలయ్య తీసుకువచ్చిన మనిషి చిన్నారావు, షెడ్డులో ఇంజను డ్రైవరు. మరో రెండేళ్ళలో రిటైరవుతాడు. గోడలు తట్టి చూశాడు, నూతిలోకి రాయి వేసి చప్పుడు విన్నాడు. తువ్వాలు కింద ఏడు వందల యాభై పట్టాడు. సూర్యం ఎనిమిది వందలు పట్టాడు. పోలయ్య తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నాడు.

“వారం ఆగుదాం,” అన్నాడు, చిన్నారావు వెళ్ళాక. “మొదటి రోజే ఒప్పేసుకున్నావనుకో, ఆడికి నిద్దర పట్టదు, ఎక్కువిచ్చేసినానేమో అని. ఎనిమిది వందలు నాను ఇప్పిత్తాను. నువ్వు పుస్తకం సదూకో అల్లుడూ.”

దలాలీ వందకి రెండు. అమ్మేవాడు ఒక రెండు, కొనేవాడు ఒక రెండు. ఇది అందరికీ తెలిసిందే. పోలయ్య నోరు తెరిచి అడగడు. రిజిస్ట్రీ అయిన రోజు తాంబూలంలో పెట్టి ఇస్తారు.

మూడో రోజు సాయంత్రం షెడ్డు గేటు దగ్గర చిన్నారావు సూర్యాన్ని ఆపాడు. డ్యూటీ దిగి వస్తున్నాడు, మొహమంతా బొగ్గు.

“మాస్టరుబాబూ, ఒక్క మాట. ఎనిమిది వందలకి నాను ఒప్పుకుంతాను. మనలో మనకి మద్దిన మనిసెందుకూ? పోలయ్యకి నువ్వు పదహారు, నాను పదహారు. ముప్పై రెండు రూపాయలు! ఏటి సేసినాడని? తువ్వాలు కప్పినాడు.”

సూర్యం నవ్వేశాడు. తర్వాత ఆ నవ్వు తలుచుకుంటే అతనికి ఒళ్ళు ముడుచుకుపోయేది.

“మావకి మాట ఇచ్చాం కదా.”

“మాటేటి? కాయితం ఉందా? సదూకున్నోడివి నువ్వే సెప్పు, కాయితం లేకుండా బాకీ ఉంతాదా?”

ఆ రాత్రి సూర్యం ఆలోచించాడు. బడి హెడ్మాస్టరు రాసిన ఉత్తరంలో, ఉపాధ్యాయులు కోటు ధరించి రావలెను అని ఉంది. అతనికి కోటు లేదు. స్టేషను దగ్గర దర్జీ నల్లకోటుకి పధ్నాలుగు రూపాయలన్నాడు. పదహారులో పధ్నాలుగు పోతే ఇంకా రెండు మిగులుతాయి. లెక్క అంత చక్కగా కుదిరేసరికి అది తప్పు లెక్క అనిపించలేదు. కాగితం లేదు. నిజంగానే లేదు. పైగా కొనేవాడు తనంత తను వచ్చి అడిగాడు. ఇలా ఒక్కొక్క కారణమూ పేర్చుకుంటూ పోయి, పొద్దున్నే దర్జీకి కొలతలు ఇచ్చి వచ్చాడు.

మిగిలింది పోలయ్యతో చెప్పడం. గురువారం నాడు తోర్వా సంత దారిలో ఎదురయ్యాడు.

“మావా, ఇల్లు అమ్మడం మానుకున్నాం.”

పోలయ్య ఆగిపోయాడు. “అదేటి?”

“అమ్మ ఒప్పుకోలేదు. నాన్న కట్టిన ఇల్లని ఏడ్చింది. నేనే సెలవులకి వస్తూ పోతూ ఉంటాను.”

తను చేసిన పనిని తల్లి నోట్లో పెట్టాడు. చెబుతున్నంతసేపూ పోలయ్య మొహంలో కోపం కోసం వెతికాడు. కోపం కనిపిస్తే కాస్త తేలికయ్యేది. పోలయ్య మొహం విప్పారింది.

“మంచి పని సేసినారు! అప్ప మనసు నాకు తెల్దా? అమ్మొద్దని నానే సెబుదామనుకున్నాను గానీ, నా పొట్టకూడు మాట కదా, నాను ఒద్దంటే ఏటి బాగుంతాది? సిన్నారావుకి నాను సెప్పేత్తాను, నువ్వు మొగమాటపడకు.”

మర్నాడు అప్పయమ్మ అర్పా నదికి స్నానానికి వెళ్ళిన వేళ, పోలయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. భుజం మీద కొత్త జనపనార తాడు చుట్ట.

“బేరం రోజున నుయ్యి సూత్తే తాడు పీచులు లేసిపోయుంది. ఉండబోతన్నారు కదా, అప్ప రోజూ తోడుకోవాల. తెగి బిందె పడితే ఎవుడు దిగుతాడు? తీసుకో, అల్లుడూ.”

సూర్యం చేతులు చాచి తీసుకున్నాడు. వద్దనడానికి ఏ మాట చెప్పినా రెండో మాటకి అబద్ధం బయటపడుతుంది. తీసుకుని, అతను వెళ్ళిపోయేదాకా గుమ్మంలోనే నిలబడి, తర్వాత నూతి గిలకకి కట్టాడు. నోటుబుక్కు తీసి నాలుగో పని మీద గీత గీశాడు. ఆ చేత్తోనే ఏడో పని మీద రెండో గీత కూడా గీశాడు.

తల్లి వచ్చి చూసి, “తాడు ఎప్పుడు తెచ్చినావురా?” అంది.

“ఇప్పుడే, బజార్లో.”

“బాగుంది. కొన్నోళ్ళు మంచి తాడు సూత్తే మంచోళ్ళు ఉన్నారనుకుంతారు.”

ఫిబ్రవరి ఇరవై తొమ్మిది, శనివారం. రిజిస్ట్రీ ఆ రోజే కావాలి, ఆదివారం బండికి ప్రయాణం. సూర్యం నల్లకోటు వేసుకుని రిజిస్ట్రీ కచేరీకి వెళ్ళాడు. చిన్నారావు డబ్బు మూటతో వచ్చాడు. నూకరాజు రాలేదు. కట్నీ లైనులో గూడ్సుకి గార్డు లేడని తెల్లవారే డ్యూటీకి పిలిచారట.

పది గంటలకి వాళ్ళ పేరు పిలిచారు. సబ్‌రిజిస్ట్రారు దస్తావేజు అటూ ఇటూ తిప్పాడు. “ఇస్‌కో కౌన్ పహచాన్‌తా హై?” అన్నాడు. అమ్మేవాడు అసలైనవాడేనని చెప్పే మనిషి కావాలి. కొనేవాడు చెబితే చెల్లదు.

సూర్యం తన బి.ఏ. సర్టిఫికెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. అది ఇలాంటి చోట పనికొస్తుందని నిజంగా అనుకున్నాడు. గుమాస్తా దాన్ని ఒక వేలితో వెనక్కి తోశాడు. కోటు వేసుకున్న ప్రతివాడూ ఫిట్టరు అమ్మన్న కొడుకేనా అని హిందీలో అడిగితే బల్లల దగ్గరున్నవాళ్ళు నవ్వారు. మనిషి లేకపోతే వచ్చే వారం రమ్మన్నాడు.

వచ్చే వారం అంటే ఉద్యోగం పోతుంది. సూర్యం చిన్నారావు వైపు చూశాడు. చిన్నారావు డబ్బు మూట వైపు చూసుకున్నాడు.

అప్పుడా గుమాస్తాయే వరండాలోకి తల పెట్టి, మీ తెలుగువాడొకడు ఉన్నాడు రమ్మని కేకేశాడు. “అరే పోలయ్యా! ఇధర్ ఆవో. తుమ్హారా ఏక్ తెలుగు ఆద్మీ హై!”

పోలయ్య ఎవరో కోటా ఊరి రైతు పొలం పని మీద వచ్చి వరండా మెట్ల మీద కూర్చున్నాడు. తువ్వాలు సర్దుకుంటూ లోపలికి వచ్చాడు. ముందు కోటును చూశాడు. తర్వాత కోటులో ఉన్న మనిషిని చూశాడు. తర్వాత చిన్నారావుని, చేతిలో మూటని, బల్ల మీది స్టాంపు కాగితాలని. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. సూర్యానికి ఆ గదిలో ఎవరో ఒకరు కోపంగా ఒక్క మాట అంటే బాగుండుననిపించింది.

“ఇసే జాన్‌తే హో?” ఇతన్ని ఎరుగుదువా అన్నాడు సబ్‌రిజిస్ట్రారు.

“జాన్‌తా హూఁ సాబ్,” అన్నాడు పోలయ్య. “అమ్మన్న ఫిట్టర్ కా లడ్‌కా. పైదా హువా తబ్ సే జాన్‌తా హూఁ. బీయే పాస్.” అమ్మన్న కొడుకని, పుట్టినప్పటి నుంచీ ఎరుగుదునని.

ఇల్లు వీళ్ళదేనా అని అడిగాడు ఆయన. వీళ్ళదే, ఇతని తండ్రికి ఆ జాగా ఇప్పించింది నేనే అని పోలయ్య హిందీలో చెప్పాడు. పోలయ్యను ఎరిగిన ఆయన సరదాగా అడిగాడు, ఈ బేరమూ నీదేనా అని.

“నహీఁ సాబ్. ఇస్ బార్ లడ్‌కా ఖుద్ కియా. పఢా లిఖా హై.”

ఈసారి పిల్లాడే చేసుకున్నాడు, చదువుకున్నవాడు కదా. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని సూర్యం చెవులు రిక్కించి విన్నాడు. లేదు. పోలయ్య ఎడమచేతి బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద వేశాడు. వేలు గోడకి రాయకుండా తన తువ్వాలు అంచుకే తుడుచుకున్నాడు.

బయటికి వచ్చాక చిన్నారావుతో మాత్రం ఒక మాట అన్నాడు.

“డ్రైవరుగారూ, సిగ్నల్ పడకండానే బండి తోలేసినారు.”

చిన్నారావు డ్యూటీ ఉందని గబగబా వెళ్ళిపోయాడు. సూర్యం మెట్ల మీద పోలయ్య ముందు నిలబడి పది రూపాయల నోటు, అయిదు, ఒకటి లెక్కపెట్టి చాచాడు.

“మావా, ఇది నీ దలాలీ.”

“ఇల్లు అమ్మలేదన్నావు కదా బాబూ,” అన్నాడు పోలయ్య. అల్లుడూ అనలేదు. “అమ్మకం లేని ఇంటికి దలాలీ ఏటి?”

“మావా...”

“ఒక్కటే అడుగుతాను. అప్ప ఒప్పుకుందా, నేదా?”

“ఒప్పుకుంది. మొదటినుంచీ ఒప్పుకుంది.”

“అయితే సాల్లే. ఆమె ఏడిసిందన్నావని రెండ్రోజులు నాకు అన్నం సయించనేదు.” అని కోటా రైతు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి అప్పయమ్మ గుమ్మంలో ఎదురుచూస్తోంది. వెనక్కి తొంగి చూసింది.

“పోలయ్య ఏడిరా? నీ ఎనకాతల రాలేదా?”

లోపల పీట మీద ఇత్తడి పళ్ళెం. తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు, ఒక కొత్త తువ్వాలు. తువ్వాలు మీద పదహారు వెండి రూపాయలు.

“ఇవెక్కడివమ్మా?”

“బియ్యం డబ్బాలో దాసుకున్నయి. ఇంటి డబ్బులో తీసి ఇత్తే ఏటి మర్యాద? ఇది నా తరపుది. జాగా కొన్నప్పుడు మీ నాన్న ఎంత బతిమాలినా పోలయ్య పుచ్చుకోలేదు. ఇల్లు కట్టుకునేవోడి దగ్గిర నాను పుచ్చుకోనప్పా, అమ్మినప్పుడు ఇత్తువులే అన్నాడు. ఈ ఊళ్ళో మనోళ్ళెవళ్ళ దగ్గిరా పుచ్చుకోడు, కట్టుకున్నప్పుడు. మీ నాన్న పోయేముందు కూడా అన్నాడు, పోలయ్యది ఉందే, మర్సిపోకు అని. నీకు సెప్పనేదా నాను?”

చెప్పలేదు. చెప్పవలసిన సంగతి అనుకోలేదు. ఆ లైన్లలో అది తెలియనివాడు ఉండడు. తెలియనివాడు ఒక్కడే, నాగపూరులో చదువుకున్నవాడు.

సూర్యం కోటు విప్పి మేకుకి తగిలించాడు. నేల మీద కూర్చుని తల్లికి చెప్పాడు. షెడ్డు గేటు, పధ్నాలుగు రూపాయలు, సంతదారిలో తను చెప్పిన మాట, కచేరీ. తాడు సంగతి చెప్పలేదు. అన్నీ చెప్పినా ఒకటి మిగుల్చుకున్నాడు. అదెందుకో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా అతనికే తెలియలేదు.

అప్పయమ్మ తిట్టలేదు. “నాను ఏడిసినానని సెప్పినావా?” అని ఒక్కసారి అడిగింది. పళ్ళెం మీద కొంగు కప్పి లేచింది. “నడు.”

పోలయ్య ఉండేది తోర్వా రైలు గేటు పక్క ఒంటి గది. ఎండ ఇంకా తగ్గలేదు. పోలయ్య కూతురు చిన్నతల్లి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అప్పయమ్మ తాగలేదు. పళ్ళెం రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

“పోలయ్యా, మావోడు తప్పు సేసినాడు. నువ్వు నా మొహం సూసి పుచ్చుకోవాల.”

“ఓలప్పా, నువ్వెందుకొచ్చినావు ఎండలో?” పోలయ్య గాభరాగా లేచాడు. పళ్ళెంలోంచి ఆకులూ వక్కా తీసి కళ్ళకద్దుకున్నాడు. తువ్వాలు తీసుకుని చూసి, “ఇది నాకు కావాల్సిందే, పాతదానికి సిరా అంటుకుంది,” అని నవ్వాడు. రూపాయలు ముట్టలేదు. “ఇవి ఉంచప్పా. బేరం నాను సెయ్యనేదు. సెయ్యందానికి పుచ్చుకుంటే రేపు ఈ తువ్వాలు కింద ఎవుడు సెయ్యెడతాడు?”

అప్పయమ్మ బతిమాలింది. అతను వినలేదు. మాట మార్చడానికన్నట్టు అడిగాడు.

“తాడు నూతికి కట్టినారా? సరిపోనాదా పొడుగు?”

అప్పయమ్మ పోలయ్యని చూసింది. కొడుకుని చూసింది.

“ఆ తాడు నువ్విచ్చిందా?”

పోలయ్య సూర్యం మొహం చూశాడు, ఒక్క క్షణంలో మొత్తం అర్థమైపోయినట్టు.

“నానెక్కడిచ్చాను? దుకానం సూపించినాను, అంతే. కొన్నది పిల్లోడే.”

ఇరవై ఏళ్ళు ఇద్దరు మనుషుల మధ్య కూర్చుని బేరాలు కుదిర్చిన మనిషి. ఇప్పుడు తల్లికీ కొడుక్కీ మధ్య కూర్చున్నాడు, ఒక్క దమ్మిడీ లేకుండా. సూర్యం ఊరుకుంటే ఆ అబద్ధం అక్కడితో చల్లగా సర్దుకుపోతుంది. తల్లి నమ్మేస్తుంది. రేపు బండెక్కేస్తారు. పదహారు రూపాయల దగ్గర మొదలైన మనిషి ఎక్కడిదాకా పోతాడో సూర్యానికి కనిపించింది.

“కాదమ్మా,” అన్నాడు. “మావే కొనితెచ్చి ఇచ్చాడు. మనం ఇక్కడే ఉంటామని నేను చెబితే నమ్మి తెచ్చాడు. నీకు బజార్లో కొన్నానని చెప్పాను.”

గేటు అవతల ఒక గూడ్సు చాలాసేపు వెళ్ళింది. అప్పయమ్మ గోడ వైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. ఈసారి ఆమె నిజంగానే ఏడ్చింది.

బండి వెళ్ళిపోయాక పోలయ్య కొత్త తువ్వాలు మడతపెట్టాడు.

“ఏటోలే, నువ్వే సెప్పినావు,” అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, “ఎండ తగ్గినాక ఎల్లండి, అల్లుడూ,” అన్నాడు.

క్షమించాడని సూర్యం ఎప్పుడూ అనుకోలేదు. పోలయ్య క్షమించాననీ అనలేదు. ఆ పదహారు రూపాయలు పళ్ళెంతో పాటు రాయపూరు వెళ్ళాయి. తర్వాత మూడుసార్లు సూర్యం మనియార్డరు కట్టాడు, మూడుసార్లూ తిరిగి వచ్చింది. నాలుగోసారి కట్టేసరికి పుచ్చుకునే మనిషి చనిపోయాడని వచ్చింది. చిన్నతల్లి పెళ్ళికి అప్పయమ్మ ఆ రూపాయలు ఆకుల్లో పెట్టి పంపింది. ఎందుకో, ఎవరివో చెప్పలేదు.

సూర్యం మాస్టరు ఇప్పటికీ రాయపూరులో అద్దె ఇంట్లోనే ఉన్నాడు. బడికి నల్లకోటు వేసుకునే వెళ్తాడు, వేరేది లేదు కనుక. పిల్లలకి కాగితం మీద రాసినదీ, రాయనిదీ రెండూ బాకీలేనని లెక్కల క్లాసులో ఎప్పుడైనా చెబుతాడు. వాళ్ళు నవ్వుతారు.

చదివినవారిని అడిగేది ఒక్కటే. మీలో ఎవరైనా ఇల్లు అమ్ముకుంటూ, మధ్యవాడికి ఇవ్వకుండా మిగుల్చుకునే దారి ఏదైనా ఉందా అని రాత్రి లెక్క వేసుకుంటూంటే, బిలాసపూరు తోర్వా గేటు పక్కన ఉండే పోలయ్యను ఒక్కసారి తలుచుకోండి. కుడిచేతికి రెండే వేళ్ళుండేవి. ఇల్లు కట్టుకునేవాడి దగ్గర ఏమీ పుచ్చుకునేవాడు కాదు.